కేరింత కూడా చప్పుడే

పోయిన వారం పాపని చూడటానికి వచ్చిన నర్సమ్మ చెప్పులు వేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగి, "చెవులు బాగానే ఉన్నాయని తేలితే నేను మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయింది. చెవులు బాగాలేకపోతే రావాలి గానీ బాగుంటే రావడమేంటి, ఈవిడ మాటకి తలా తోకా ఉండదు అని సైలెన్సర్ మేస్త్రి షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పి నవ్వాడు. నవ్వాడే గానీ లోపల దిగులు పీకుతూనే ఉంది. మనవరాలు పుట్టి తొమ్మిదో నెల నడుస్తోంది. ఏడవదు, అరవదు. ఎవరెత్తుకున్నా వెళ్తుంది, ఎక్కడ దించితే అక్కడే ఉంటుంది. చెవుడేమో అన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరి గొంతులోనూ ముల్లులా ఇరుక్కుని ఉంది.

ఈ వారం ఆసుపత్రిలో పరీక్ష అయింది. డాక్టరు మిషన్‌లో చూసి, "పాప చెవులు మీ అందరి చెవుల కంటే బాగున్నాయి" అన్నాడు. ఒక మంచిమాట చెప్పడానికి కూడా పక్కవాణ్ణి దెప్పిపొడవాలి ఈ డాక్టర్లకి. అయినా ఆ రోజు మేస్త్రికి కోపం రాలేదు. షెడ్డులో అందరికీ టీ చెప్పించాడు. పాత బాకీ ఎగ్గొట్టి తిరుగుతున్నవాడు కనిపిస్తే వాడికి కూడా ఒక కప్పు ఇప్పించాడు, అదీ అతని సంతోషం.

అతనికి ఆ పేరు ఊరికే రాలేదు. మోటారు బండ్లకి సైలెన్సర్లు విప్పి, మసి దులిపి, చిల్లులకి వెల్డింగ్ పెట్టి, లోపల గాజు దూది కూరి మళ్లీ బిగించడమే జీవితమంతా చేసిన పని. వచ్చేటప్పుడు వీధి అదరగొట్టిన బండి వెళ్లేటప్పుడు పిల్లిలా వెళ్లేది. అంత నేర్పున్న మనిషి ఇంటిని ఊరికే వదులుతాడా?

కొడుకు ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ మీద పని చేస్తాడు. ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఒకనాడు పక్కింట్లో గోడలు కొట్టే పని జరిగి వాడికి పగలు నిద్ర లేదు. ఆ రాత్రి మిషన్ దగ్గర కునుకు పట్టింది. రెండు వేళ్ల కొసలు పోయాయి. చెయ్యి మొత్తం పోవలసిందే, పక్కనున్నవాడు లాగాడు కాబట్టి మిగిలింది. ఆ కట్టు చూసిన దగ్గర్నించి ఈ ఇంట్లో పగలే రాత్రయింది. మేస్త్రి కుర్చీ కాళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాడు. తలుపుల బందులన్నిటికీ గ్రీజు పెట్టాడు. గుమ్మం గంట నాలుకకి గుడ్డ చుట్టాడు. నల్లాకి కూడా ఒక గుడ్డ వేలాడదీశాడు, నీళ్లు దాని వెంట జారుతూ చప్పుడు లేకుండా గిన్నెలో దిగుతాయి. కుక్కరు అటకెక్కింది. పెళ్లాం గొంతు మాత్రం అతని చేతుల్లో లేదు. ఆవిడది వీధి ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర బండి ఆగే గొంతు. పాపం ఆవిడే అణుచుకుంది. మొగుణ్ణి తిట్టాలనిపిస్తే మలుపు దాకా తీసుకెళ్లి, తనివితీరా తిట్టి, మళ్లీ మెత్తగా నడిపించుకుని తీసుకొచ్చేది.

అలాంటి ఇంట్లో పుట్టింది పాప. మొదట్లో అందరి పిల్లల్లాగే ఏడ్చింది. తర్వాత్తర్వాత తగ్గించింది. తర్వాత మానేసింది. "బుద్ధిమంతురాలు! నా చేతిలో తయారైన వాటిల్లో ఇదే నంబర్ వన్ పీసు" అని మేస్త్రి మీసం తిప్పుకునేవాడు.

మధ్యాహ్నం అతను భోజనానికి వచ్చేసరికి నర్సమ్మ అప్పటికే ముందు గదిలో కూర్చుని ఉంది. వీధి వీధీ తిరిగి పసిపిల్లల్ని చూసుకునే మనిషి. ఎండకి కమిలిన మొహం, భుజాన పిల్లల్ని తూచే సంచీ. లోపలి గది తలుపు మూసి ఉంది. కొడుకు నిద్రపోతున్నాడు.

మేస్త్రి కాళ్లు కడుక్కుని వచ్చి, ఆవిడ చెవి దగ్గర వంగి గుసగుసగా అన్నాడు. "విన్నావా నర్సమ్మా? పాపకి వినపడుతోందంట!"

"విన్నాను బాబాయ్. అందుకే వచ్చాను" అంది ఆవిడ, మామూలు గొంతుతోనే.

అంతే. మేస్త్రి, పెళ్లాం, గోడవారన నిలబడ్డ కోడలు, ముగ్గురూ ఒక్కసారే పెదాల మీద వేలు పెట్టుకున్నారు. నర్సమ్మ ముగ్గురి వేళ్లనీ వరసగా చూసింది.

"వినపడకపోతే చెవికి ఒక మిషన్ పెడతారు, ఏదో దారి ఉంటుంది" అంది గొంతు కాస్త దించి. "వినపడుతూ కూడా పలకడం లేదంటేనే నాకు భయం. ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి."

పాపని ఒళ్లోకి తీసుకుంది. పాప వెళ్లింది. సంచీ మార్చినట్టు ఆ చేతుల్లోంచి ఈ చేతుల్లోకి మారింది.

"నేను దీనికి ఏమవుతాను బాబాయ్?"

"ఏమీ అవ్వవు."

"మరి ముక్కూ మొహం తెలియనిదాన్ని నేనెత్తుకుంటే ఈ వయసు పిల్ల ఏం చెయ్యాలి? వాళ్లమ్మ మెడ పట్టుకుని వేలాడాలి. నా కళ్లజోడు లాగి పారెయ్యాలి. ఇంటి పైకప్పు లేపాలి. దీనికి నేనైనా ఒకటే, వాళ్లమ్మైనా ఒకటే, ఈ స్తంభమైనా ఒకటేనా?"

"బుద్ధిమంతురాలు కాబట్టి..."

"తొమ్మిది నెలలకి బుద్ధెందుకు బాబాయ్ దీనికి? నీకు జుట్టు నెరిసినా రానిది!"

మేస్త్రి పెళ్లానికి నవ్వొచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా చప్పుడు లేకుండా నవ్వింది. ఇన్ని నెలల్లో అలా నవ్వడం బాగా అలవాటైపోయింది ఆవిడకి.

నర్సమ్మ కోడలికేసి తిరిగింది. "చెల్లీ, నువ్వొకసారి వంటింట్లోకి వెళ్లు. పిలిచేదాకా రాకు."

కోడలు వెళ్లింది. పాప చూడలేదు. తల ఎత్తి ఫ్యాను కేసి చూస్తూ ఉండిపోయింది.

"ఫ్యానంటే దీనికి ఎంతిష్టమో!" అన్నాడు తాత మురిపెంగా.

"ఫ్యాను మీద ఇష్టం కాదు బాబాయ్. మొహాల మీద ఆశ వదులుకుంది. పిల్లలు ముందు మన మొహంలోకి చూస్తారు. మనం నవ్వితే నవ్వుతారు, ఊ కొడితే ఊ కొడతారు. ఎంతసేపు చూసినా ఇటునుంచి ఏమీ రాకపోతే, ఇంకొంచెం గట్టిగా పిలుస్తారు, ఏడుస్తారు. అప్పటికీ రాకపోతే ఇంక అడగడం మానేస్తారు. మనం దానికి మంచిపిల్ల అని పేరు పెట్టుకుంటాం."

మేస్త్రికి మొహం జేవురించింది. చేసిన పని బాగాలేదంటే పడే రకం కాదు అతను.

"మా ఇంట్లో దాన్ని కొట్టినవాడున్నాడా? కసిరినవాడున్నాడా? ఒక్క పూట పస్తు ఉంచామా? నేలమీద కాలు పెట్టనిచ్చామా? నువ్వు నాలుగు ఇళ్లు తిరిగి వచ్చి, మా పిల్లని స్తంభంతో పోలుస్తావా?"

ఇదంతా అన్నది గుసగుసలోనే. కోపం గుసగుసగా వస్తే ఎంత అన్యాయంగా ఉంటుందో అప్పుడే తెలిసింది అతనికి. మెడ నరాలు తేలాయి, కళ్లు ఎర్రబడ్డాయి, నోట్లోంచి మాత్రం పంక్చరైన టైరులోంచి గాలి పోతున్నట్టు బుస్సుమని వచ్చింది.

నర్సమ్మ నొచ్చుకోలేదు. "ప్రేమ లేదని నేనన్నానా బాబాయ్? ప్రేమ లేని ఇళ్లు కూడా చూస్తాను నేను. అక్కడ ఎవరూ కుర్చీ కాళ్లకి రబ్బరు తొడగరు. మీ అబ్బాయి చెయ్యి కోసం ఇంతమంది నోళ్లు కట్టేసుకున్నారు. పెద్దవాళ్లం మనకి ఎందుకో తెలుసు. దీనికెవరు చెప్పారు?"

మేస్త్రి పెళ్లాం అతని మోచెయ్యి గిల్లి, "కూర్చోండి ముందు" అంది.

కోడల్ని పిలిచారు. ఆ పిల్ల ఈ ఇంటికి రాకముందు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో చెప్పేది. ఊరందరికీ ఆ గొంతు తెలుసు, మనిషి తెలియదు. మేస్త్రి కొడుకు ఆ గొంతు విని, మనిషిని వెతుక్కుంటూ వెళ్లి, ఎక్కవలసిన బస్సులన్నీ వదులుకుని పెళ్లి చేసుకున్నాడు. పాప పుట్టాక ఉద్యోగానికి సెలవు పెట్టింది. ఇప్పుడు ఆ గొంతు ఎలా ఉండేదో ఇంట్లో వాళ్లకే సరిగ్గా గుర్తులేదు.

"పాపకి ఎదురుగా కూర్చో చెల్లీ. నీకు తోచినట్టు ఆడించు. ఒక్క నవ్వు తెప్పించు చాలు."

కోడలు కూర్చుంది. పాప చెయ్యి పట్టుకుంది, జుట్టు సవరించింది, మూతి తుడిచింది. అన్నీ చేసింది. మొహం మాత్రం పక్కకి పెట్టి, గోడకేసి చూస్తూ చేసింది. ఎండకి కళ్లు పక్కకి తిప్పుకున్నట్టు అది అలవాటుగా జరిగిపోయింది, ఆమెకి కూడా తెలియలేదు.

"ఇటు చూడమ్మా" అంది నర్సమ్మ. "దాని మొహంలోకి."

కోడలు చూడలేదు. నేలకి చెబుతున్నట్టు అంది.

"చూస్తే కేరింతలు కొడుతుందండీ."

"కొట్టనీ."

"మూడో నెలలో మొదలుపెట్టింది. నా మొహం కనపడితే చాలు, కాళ్లూ చేతులూ ఆడించి ఒకటే కేరింతలు. ఆయన రెండుసార్లు లేచి వచ్చేశారు. ఏమీ అనలేదు. పాపని ముద్దు పెట్టుకుని వెళ్లి పడుకున్నారు, మళ్లీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రంతా నేను ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ప్రెస్సు నుంచి ఎప్పుడు ఏం చెబుతారో అని." పాప మూతి మళ్లీ తుడిచింది. "ఏడిస్తే పాలిచ్చి ఊరుకోబెట్టొచ్చు. సంతోషిస్తే ఎలా ఊరుకోబెట్టాలో నాకు తెలియలేదు. కేరింత కూడా చప్పుడే కదా మామయ్యా. అందుకే మొహం చూపించడం మానేశాను. గోడవైపు తిరిగి పాలిచ్చేదాన్ని. కొన్నాళ్లకి అదే నవ్వడం మానేసింది. అప్పుడు మీరంతా బుద్ధిమంతురాలన్నారు."

మేస్త్రి పెళ్లాం కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "రాత్రిళ్లు నిద్ర పడుతోందా నీకు?"

"ఆయన పగలు పడుకుంటారు కదండీ."

"నేను నిన్ను అడుగుతున్నాను."

కోడలు ఆలోచించింది, ఎవరి గురించో అడిగినట్టు. "తెలియదండీ."

"ఆకలి?"

"నాకేం లేదండీ. బాగానే ఉన్నాను. దీని సంగతే..." అని పాపకేసి కాక, పాప చూస్తున్న ఫ్యానుకేసి చూసింది. "ఇందాక మీరు నన్ను లోపలికి పంపారు కదా. తలుపు సందులోంచి చూశాను. ఇది ఒక్కసారి కూడా వెతకలేదు. నేనున్నా లేకపోయినా దీనికి తేడా లేదు. మంచిదేలెండి, ఒకందుకు."

తను చేసిన పరీక్ష తల్లికి ఎలా తగిలిందో నర్సమ్మకి అప్పుడు అర్థమైంది. మొహం మారిపోయింది ఆవిడకి. "కాదమ్మా, అది కాదు నేను చెప్పింది. అది నిన్ను మర్చిపోలేదు. అడిగి అడిగి అలిసిపోయింది, అంతే. నువ్వు కూడా అలిసిపోయావు. ఇద్దరికీ మందొకటే. చాలామంది తల్లులకి వస్తుంది ఇలా, చూసే డాక్టర్లున్నారు, తగ్గుతుంది. రేపూ ఎల్లుండీ కాదు, ఇవాళే నాతో వస్తున్నావు. నేను ఫోను చేసి కనుక్కుని వస్తాను."

లేచి, పాపని తాత ఒళ్లో పెట్టి, చెవిలో నొక్కి చెప్పింది. "బాబాయ్, నీ కోడల్ని ఒక్కదాన్ని వదలకు."

ఫోను మాట్లాడాలంటే ఈ ఇంట్లో అందరూ వీధిలోకే వెళ్లాలి. నర్సమ్మ వెళ్లింది. ఏడుపు ఆపుకోలేక మేస్త్రి పెళ్లాం కూడా ఆవిడ వెనకే మెట్ల మీదికి పరిగెత్తింది. కోడలు నీళ్ల సీసా తీసుకుని, "ఇది కడిగి తెస్తాను మామయ్యా" అంది.

వంటింట్లోకేగా అనుకున్నాడు మేస్త్రి. గుమ్మం వీపు వెనకే ఉంది, నాలుగు అడుగుల దూరం. స్తంభానికి ఆనుకుని, పాపని ఛాతీకి హత్తుకుని కూర్చున్నాడు. పాప గడ్డం అతని భుజం మీద ఆనింది.

అతని బుర్రలో కేరింత అన్న మాట ఒకటే తిరుగుతోంది. షెడ్డులో పని నేర్చుకునేవాళ్లు చేసే తప్పు ఒకటుంటుంది. చప్పుడు బాగా తగ్గాలని దూది మరీ దట్టంగా కూరేస్తారు. బండి నిజంగానే మూగబోతుంది. వీధి చివరి దాకా వెళ్లి ఆగిపోతుంది. ఇంజనుకి ఊపిరాడదు. "చప్పుణ్ణి ఆపమన్నాను గానీ పొగకి దారి మూయమన్నానట్రా, గాడిదా!" అని ఎంతమందిని తిట్టి ఉంటాడు తను? ఇప్పుడెవర్ని తిట్టాలి? తిట్టాలన్నా మలుపు దాకా వెళ్లాలి.

పాపని పైకెత్తి మొహానికి మొహం పెట్టాడు. ఫ్యాను కనపడకుండా తన తల అడ్డం పెట్టాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు. చిన్నపిల్లలతో పెద్దగొంతుతో మాట్లాడి ఎన్నాళ్లయిందో. వచ్చిందల్లా బండి చప్పుడే. పెదాలు బిగించి, పాప పొట్ట మీద ఆనించి, "బుర్ర్‌ర్‌ర్" అన్నాడు. మీసం గుచ్చుకుంది. పాప కళ్లు అతని మొహం మీదికి దిగాయి. ఆగాయి.

"చూశావే! చూశావే తల్లీ! ఇదిగో పాత బండి, సైలెన్సర్ ఊడిపోయింది! బుర్ర్‌ర్‌ర్!"

గుసగుస కాదు. నిండు గొంతు. లోపల కొడుకున్నాడని గుర్తొచ్చింది, అయినా ఆపలేదు. పాప చెయ్యి లేచింది, అతని మీసం దాకా వచ్చింది, ఒక వెంట్రుక పట్టుకుని లాగింది. కళ్లమ్మట నీళ్లొచ్చాయి అతనికి, నొప్పికో మరిదేనికో. పాపని మళ్లీ భుజాన వేసుకుని, వీపు నిమురుతూ ఊగాడు.

అప్పుడు పాప ఒళ్లు బిగుసుకుంది. భుజం మీంచి వెనక్కి, వంటింటి వైపు చూస్తోంది. మూతి ముడిచింది. కింది పెదవి ముందుకొచ్చి వణికింది. ఒక్క క్షణం ఊపిరి బిగపట్టింది.

ఏడ్చింది.

అలా ఇలా కాదు. ఇన్నాళ్లూ దాచుకున్నదంతా ఒక్కసారే ఏడ్చింది. కిటికీ అద్దాలు అదిరిపోయాయి. మేస్త్రికి అంతకంటే చక్కని చప్పుడు తన బతుకులో విన్న గుర్తు లేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. కొడుకు రేగిన జుట్టుతో, కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఎవరు నాన్నా? ఎవరింట్లో? ఎవరు ఏడ్చేది?"

"ఎవరేంట్రా, నీ కూతురే! నీ కూతురి గొంతు రా ఇది! వాళ్ల నానమ్మ పోలిక!"

వీధిలోంచి మేస్త్రి పెళ్లాం పరిగెత్తుకుని వచ్చింది. "ఏడుస్తోందా? నా తల్లే, ఏడుస్తోందా!" అని ఆవిడ నోరు విప్పి అరిచింది, ఎన్నో నెలల తర్వాత ఆ ఇంట్లో, తన అసలు గొంతుతో. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. కొడుకు వేళ్లు తెగిన చేత్తోనే కూతురి తల నిమురుతూ పిచ్చివాడిలా నవ్వుతున్నాడు. "ఇంత గొంతుందా దీనికి? ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు నాన్నా?"

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. గుమ్మంలో నిలబడి పాపనే చూస్తోంది. పాప రెండు చేతులూ తాత భుజం మీంచి అవతలికి చాచి ఉన్నాయి.

"అది ఎవర్ని పిలుస్తోంది?" అంది.

అందరూ వంటింటి వైపు తిరిగారు. "ఏమ్మా!" అని పిలిచింది అత్తగారు. "ఏమ్మా, విన్నావా?"

పలకలేదు.

వంటింట్లో నల్లా తిప్పి ఉంది. గుడ్డ వెంట జారిన నీళ్లు సీసా నిండి, పొర్లి, చప్పుడు లేకుండా తూములోకి పోతున్నాయి. సందులోకి వెళ్లే వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. దాని పక్కన ఉండే కోడలి చెప్పులు లేవు.

కొడుకు మొహం పాలిపోయింది. ఏ బస్సు ఎప్పుడు ఏ ఊరికి కదులుతుందో ఆమెకి తెలిసినంతగా ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పులు కూడా లేకుండా సందులోకి పరిగెత్తాడు. అతని వెనకే నర్సమ్మ.

మేస్త్రి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాడు. గాలికి తలుపు అటూ ఇటూ ఊగుతోంది. పోయిన వారమే అతను మళ్లీ పెట్టిన గ్రీజు బందుల మీద మెరుస్తోంది. అది పెట్టకపోయి ఉంటే కిర్రుమని వీధికంతా వినపడేది.

ఆమె వెళ్లడం చూసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆ మనిషి అతని చంకలోంచి ఆ తలుపు వైపు రెండు చేతులూ చాచి, గొంతు చించుకుని, ఇంకా చెబుతూనే ఉంది.